పచ్చరంగు కింద డెబ్బై నాలుగు ఇళ్లు

1989 జూలై 17వ తేదీ, సోమవారం ఉదయం, ఉప్పల్‌లోని మా పటాల విభాగంలో శ్రీమతి తారామణి గారు నక్షాలకు నకళ్లు గీసే ట్రేసరుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ముప్పై ఆరేళ్ల మూడు నెలల నిష్కళంక సేవానంతరం, ఈ అక్టోబరు 31న ప్రధాన నక్షా లేఖకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. 'నిష్కళంక' అనే మాటను ఇటువంటి వీడ్కోలు సంచికలలో అందరికీ వేస్తారు కనుక, నేను ఆలోచించే వేశానని ముందుగా మనవి చేస్తున్నాను. ఆ సేవాకాలంలో ఒక పెద్ద తప్పు జరిగింది. దానిలో సగానికి పైగా నాది. దానిని వారు దాచలేదు కనుకనే ఆ విశేషణం వారికి చెల్లుతుందని నా నమ్మకం.

తారామణి గారు నాచారం పాత ఊరిలోని వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. తండ్రి శ్రీ బాలనర్సింహ గారికి అక్కడ మూడెకరాల పొలం ఉండేది. వీరి బాల్యంలో ఆ పొలం మీదుగా రోడ్డు వేయదలచినప్పుడు, జొన్నచేను నడుమెత్తు నిలబడి ఉండగానే నక్షాలో దానిని 'ఖాళీ భూమి' అని చూపారట. ఆ కాగితాన్ని చూసిన రోజునే తాను ఈ ఉద్యోగం చేయాలని అనుకున్నట్లు వారు నాతో ఒకసారి చెప్పారు. ఆ మాట అన్నప్పుడు వారి కంఠంలో కోపం లేదు గానీ, మరచిపోయిన జాడ కూడా లేదు.

ట్రేసరుగా చేరిన తొమ్మిదేళ్లకు నక్షా లేఖకురాలిగా, 2017లో ప్రధాన నక్షా లేఖకురాలిగా పదోన్నతి పొందారు. చిల్కానగర్ నుండి కాప్రా చెరువు దాకా కాలికి బలపం కట్టుకుని తిరిగి, ప్రతి గల్లీని పాదాలతో కొలిచారు. విభాగంలోకి కంప్యూటర్లు వచ్చి, ఆకాశం నుండి తీసిన చిత్రాలు వచ్చి, మేమందరం కుర్చీలకు అతుక్కుపోయిన కాలంలోనూ వారు తమ పద్ధతిని మార్చుకోలేదు. ఆ పద్ధతి ఏమిటంటే, గీసిన నక్షాను సంతకానికి ముందు సంబంధిత బస్తీకి తీసుకువెళ్లి, నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, "ఇందుల ఏం తక్కువున్నది? సూడున్రి" అని అక్కడి వారిని అడగడం. 2009లో తణుకు నుండి వచ్చి చేరిన నాకు ఈ తతంగం చాదస్తంగా తోచింది. ఎండలో చెప్పులు అరిగేలా ఈ ఊరేగింపు ఎందుకని క్యాంటీన్లో నలుగురిని నవ్వించాను కూడా. ఆ నలుగురూ ఈ సంచిక చదువుతున్నారు కనుక ఒప్పుకోక తప్పదు.

ఇక 2022 వేసవి సంగతి. నాచారం వైపు వాన నీరు పారే నాలా వెంబడి నడకదారీ, ఉద్యానవనమూ నిర్మించాలని ప్రతిపాదన వచ్చింది. నక్షా నేను గీశాను. ఆకాశ చిత్రంలో నాలా పక్కన చక్కని పచ్చిక మైదానం కనిపించింది; పచ్చరంగు వేసి, 'ఖాళీ స్థలం' అని రాసి, చేతులు దులుపుకున్నాను. అప్పుడే మోకాలి శస్త్రచికిత్స చేయించుకున్న తారామణి గారు, తమ ఉద్యోగ జీవితంలో మొట్టమొదటిసారి, నడిచి చూడకుండా తనిఖీ సంతకం చేశారు. నక్షా పై కార్యాలయానికి వెళ్లిపోయింది. స్థలాన్ని చదును చేసే తేదీ కూడా ఖరారైంది.

మోకాలు కాస్త స్వాధీనంలోకి రాగానే, ఆలస్యంగానైనా ఆనవాయితీ తీర్చుకుందామని వారు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లారు. నక్షా పరిచారు. పాతసామాన్లు ఏరి విడదీసే పని చేసుకునే బాలనర్సమ్మ అనే ఆవిడ ఆ పచ్చరంగు మీద వేలు పెట్టి అడిగింది.

"మా ఇల్లు యాడున్నది మేడమ్? గీడ గడ్డి రంగేసిన్రు. మరి మేం రోజు గడ్డిల వండుకుంటున్నమా?"

ఎదురుగా బస్తీ ఉంది, మనుషులున్నారు, ఉతికిన బట్టలు ఆరుతున్నాయి. తారామణి గారు పక్కనున్న రెండంతస్తుల మేడ మీదికి నన్ను ఎక్కించారు. అక్కడి నుండి చూస్తే సంగతి తెలిసింది. ఉప్పల్‌లో మ్యాచ్‌లు అయిపోయాక విప్పి పారేసిన ప్రకటనల ఫ్లెక్సీలను, పచ్చని క్రికెట్ మైదానం బొమ్మలున్న వాటిని, ఆ ఇళ్లవారు కారుతున్న రేకుల మీద పరుచుకుని ఇటుకలు పెట్టుకున్నారు. వాన నుండి తలదాచుకోవడానికి వేసుకున్న కప్పునే నేను గడ్డి అనుకుని, కింద ఉన్న మనుషులను చెరిపివేశాను.

"పైనుంచి సూస్తె ఎవ్వలికైన గిట్లనే కనవడ్తది, గిరిధర్," అన్నారు వారు. "దిగు. కిందికి పోయి ఇండ్లు లెక్కవెడ్దం."

లెక్కపెట్టాం. డెబ్బై నాలుగు. చదును చేయడానికి పంతొమ్మిది రోజుల గడువుంది.

తిరుగు దారిలో నాలోని పిరికితనం నోరు విప్పింది. "ఎవరికీ తెలియకుండా చిన్నగా సరిచేసేద్దాం మేడమ్. పాత కాగితం ఎవరు చూస్తారు?" అన్నాను.

"చిన్నగ దిద్దితె ఇండ్లు గూడ చిన్నగనే పోతయి," అన్నారు వారు. ఆ సాయంత్రమే పై అధికారికి లేఖ రాసి తెచ్చారు. గీసినది నేననీ, నడవకుండా సంతకం చేసినది తాననీ అందులో ఉంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నాకు వదిలి, తన పిడికెడు తానే తీసుకున్నారు. నేనూ సంతకం చేశాను. అప్పటి పై అధికారి ఆ లేఖ చదివి, "ఆ బస్తీవాళ్లే అడగలేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నారు. "సంతకం నాది సార్. దురద నాకే వెట్టాలె," అని తారామణి గారు నిలబడే జవాబిచ్చారు. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. వారికి రావలసిన సహాయ అధికారి పదవి ఆగిపోయింది.

తారామణి గారు పచ్చదనానికి వ్యతిరేకి అని అప్పట్లో కొందరు ప్రచారం చేశారు. వాస్తవానికి నాలా వరద ఎంత ప్రమాదకరమో మా విభాగంలో వారికంటే తెలిసినవారు లేరు. అందుకే కూల్చవద్దని అడిగి ఊరుకోకుండా, బస్తీ మహిళలతో కూర్చుని మరో నక్షా గీశారు. నీరు చేరే పదకొండు ఇళ్లను బస్తీలోనే ఎత్తైన చోటికి జరపడం, నడకదారిని ఉన్న గల్లీ వెంట మలుపు తిప్పడం, విడదీసిన తడిచెత్తతో ఎరువు చేసి నాలా గట్టున కూరగాయలూ చెట్లూ పెంచడం, అందరికీ కలిపి ఒక నీటి కుళాయి వరుస, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ నక్షా మీద జరిగిన విచారణ సమావేశంలో బాలనర్సమ్మ చెప్పిన మాట నేను నమోదు పుస్తకంలో యథాతథంగా రాశాను: "మాకు చెట్లు వద్దని ఎవ్వలన్నరు సార్? చెట్టు కింద కూసునేటోళ్లను ఎల్లగొట్టకుంట పెట్టున్రి." నగరం పచ్చగా ఉండాలనేవారూ, న్యాయంగా ఉండాలనేవారూ వేర్వేరు పక్షాలు కానక్కరలేదని నాకు ఆ రోజు అర్థమైంది. అటువంటి చదువు నాకు ఏ తరగతి గదిలోనూ దొరకలేదు.

తర్వాతి మూడేళ్లు ఎలా గడిచాయో ఆ బస్తీకీ, మాకూ తెలుసు. చదును తేదీ నాలుగుసార్లు వాయిదా పడింది. ఒకసారి చదును చేసే యంత్రం గల్లీ మొదలు దాకా వచ్చి ఆగింది. ఈ నెల 14వ తేదీ మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది: రెండో నక్షా ఆమోదం పొందింది, డెబ్బై నాలుగు కుటుంబాలకూ ఇంటి నంబర్లు మంజూరయ్యాయి. కాగితం చదివిన తారామణి గారు కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. తర్వాత "ఇగ నిమ్మలంగ ఇంటికి పోవచ్చు గిరిధర్," అన్నారు. నేను మెట్ల దగ్గరికి వెళ్లి ఏడ్చాను. మూడేళ్లుగా గుండె మీద కూర్చున్న బండ దిగిపోయింది. ఆ ఉత్తర్వు రాకుండా వారు విరమణ చేసి ఉంటే, ఈ వ్యాసం రాయడానికి నాకు ముఖం చెల్లేది కాదు.

నవంబరు మొదటి తేదీ నుండి తనిఖీ గడిలో నా సంతకం ఉంటుంది. నడవకుండా పెట్టనని ఈ సంచిక సాక్షిగా మాట ఇస్తున్నాను. ఇన్నేళ్లు తమ ఇంటి మనిషిని మా ఎండలకు అప్పగించిన భర్త శ్రీ జగన్ గారికీ, కుమార్తె చిరంజీవి అమృతకూ విభాగం పక్షాన కృతజ్ఞతలు.

మేడమ్, మీరు ఆరోగ్యంగా, తృప్తిగా, మోకాలి నొప్పి ఊసే లేకుండా చిరకాలం జీవించాలి. ఎంతకాలమంటే, ఆ బస్తీలో నేడు అంగన్‌వాడీకి వెళ్తున్న పిల్లలు పెద్దవారై, తమ బిడ్డలను బడిలో చేర్చుతూ, దరఖాస్తులో చిరునామా గడి దగ్గర ఆగకుండా, ఎవరినీ అడగకుండా, అదే ఇంటి నంబరు రాసే రోజును మీరు కళ్లారా చూసేటంత కాలం.