టీ గిన్నె అడుగున నూరిన కత్తి

ఉజ్బెకిస్తాన్‌లో కత్తులకు పేరుపడ్డ చుస్త్ ఊళ్ళో ఒక వంటగది. ఆసుపత్రి నుంచి నిన్ననే ఇంటికి చేరిన అత్తగారు పలావు కోసం క్యారెట్లు తరుగుతూ తరుగుతూ ఆగిపోయి, కత్తిని వెలుగులోకి ఎత్తి చూసింది. పక్కనే బియ్యం కడుగుతున్న కోడలు తలెత్తి చూసింది.

"దీనికి తుప్పు పట్టలేదేమే? నేను లేనన్నాళ్ళూ ఎవరు చూసుకున్నారు?"

"నేనే అత్తయ్యా. వాడగానే తుడిచి, గొర్రె కొవ్వు రాసి పెట్టాను."

"కాపురానికొచ్చిన కొత్తలో రాత్రంతా నీళ్ళలో వదిలేశావు కదే!"

"మీరు చేసిన గోల వీధి చివరిదాకా వినపడింది. ఇక మర్చిపోతానా?"

"మీ మామగారు కొలిమిలో చేసిన ఆఖరి కత్తి మరి! పదును కూడా బావుందే. బజార్లో మిషను మీద పెట్టించావా?"

"అమ్మో! మిషను సగం ఇనుము తినేస్తుందని మీరే అన్నారుగా. మీలాగే పింగాణీ టీ గిన్నె బోర్లించి, అడుగున గరుకు అంచు మీద నూరాను."

"నీకు నేనెప్పుడు నేర్పాను?"

"నేర్పలేదు. నన్ను తిడుతూ నూరేవారు. తిట్లు తింటూ చూసేదాన్ని."

పెద్దావిడ పగలబడి నవ్వి, తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది.

"చల్లగా ఉండవే తల్లీ. ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. నాకిక ఓపిక లేదు, మిగతావి నువ్వు తరుగు. ఇందా."

పిడి తనవైపు తిప్పి ఇస్తున్నా కోడలు చెయ్యి చాపలేదు. ఆ ఊళ్ళో కత్తిని చేతికివ్వరు. కింద పెడితేనే రెండోవాళ్ళు తీసుకుంటారు.

"కింద పెట్టండి అత్తయ్యా. చేతికిస్తే పోట్లాటలొస్తాయి."

"రానీవే. తల్లీకూతుళ్ళు పోట్లాడుకోరా ఏంటి? పట్టుకో."