చంకా మెడా ఒకేసారి

సభకు అధ్యక్షత వహిస్తున్న సిస్టర్ ఎమిలియా గారికి, మన లేసులను పట్నానికి చేర్చే క్రీస్తురాజు గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకి, వెనక చాపల మీద కూర్చుని అప్పుడే నన్ను చూసి నవ్వుతున్న మా అల్లిక కేంద్రం అక్కలకి, ఇంతమందిమీ ఇవాళ ఎవరికి వీడ్కోలు చెప్పడానికి చేరామో ఆ హజరాబీ అక్కకి నమస్కారం.

నేను రోజారమణిని. ఏది ఎలా అల్లాలో రాసి ఇక్కడికి పంపే ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పడం నా పని. కాన్వెంటులో పన్నెండేళ్ళు చదివినా, వేదిక ఎక్కిన ప్రతిసారీ సగంలో మాట మరిచిపోయి దిగిపోయినదాన్ని. అందుకే ఇవాళ రాసుకొచ్చాను. ఈ కాగితం సముద్రపు గాలికి ఎగిరిపోతే నా ప్రసంగం కూడా దాంతోనే పోతుంది. (నవ్వులు)

ఇరవై ఆరేళ్ళుగా హజరాబీ అక్క నేర్పకుండా ఈ ఊళ్ళో ఎవరూ లేసు సూది పట్టలేదు. అక్కకి ఏ భాషా చదవడం రాదు. కానీ అల్లిన ముక్కని వేళ్ళతో తడిమి, ఏ వరసలో ఎవరు ఆవలించారో చెప్పగలదు. (నవ్వులు)

నిరుడు మనకి మొదటిసారి ఒంటి మీద వేసుకునే బట్టల పని వచ్చింది. ఆడపిల్లల చేతుల్లేని కోట్లు, ముందువైపు రెండు ముక్కలుగా తెరుచుకునేవి. అంతవరకు మనవి బల్లగుడ్డలు, దిండు అంచులు. బల్లగుడ్డకి చంకా ఉండదు, మెడా ఉండదు.

మన పద్ధతి మీకు తెలుసు. కాగితం ఎవరి చేతికీ ఇవ్వం. నేను ఒక వాక్యం చదివి తెలుగులో చెప్తాను, పదకొండు మందీ అది అల్లుతారు, అప్పుడు తర్వాతి వాక్యం చదువుతాను. చంక వైపు అంచున రెండు వరసలకి ఒక కుట్టు చొప్పున ఏడు కుట్లు తగ్గించమని చదివాను. పదకొండు మందీ పద్నాలుగు వరసలు అల్లారు. తర్వాతి వాక్యం ఇది: 'అదే సమయంలో, చంక మొదలైన మూడో వరస నుంచి, మెడ వైపు అంచున కూడా తగ్గిస్తూ రండి.'

ఆ సమయం పన్నెండు వరసల కిందటే దాటిపోయింది. అప్పుడది నాకు అర్థం కాలేదు. “ఇప్పుడు మెడ” అన్నాను. అందరూ మెడ అల్లారు. ముందు ముక్క వెనక ముక్క కన్నా బెత్తెడు పొడుగు తేలింది. మన అంకాలమ్మక్క దాన్ని మీదికెత్తి పట్టుకుని, “ఏందిమే ఇది! ఇంత మెడ కొంగకి గూడా ఉండదే!” అంది. అంకాలమ్మక్కా, తల దించుకోబాక, నువ్వే కదా అన్నది. (నవ్వులు)

హజరాబీ అక్క నవ్వలేదు. “ఆ కాగితం మొత్తం చదువు మే. యాడా నిలపబాక” అంది. మూడుసార్లు చదివించుకుంది. సుద్దముక్క తీసుకుని నేల మీద కోటు ముక్క గీసి, ఒక అంచు మీద ఒక వేలు, రెండో అంచు మీద ఇంకో వేలు పెట్టి, రెండు వేళ్ళూ కలిపి పైకి జరిపింది. “రాసేవాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి రాసుండారు. ఇంకెట్టా రాస్తారు? అల్లే ముక్కకి రెండంచులూ ఒక్కసారే పెరగతాయి గదా.”

పదకొండు ముక్కలూ విప్పాం. పని వారం ఆలస్యమైంది. సిస్టర్ గారు కారణం అడిగితే, అక్క ముందుకొచ్చి, “నా కళ్ళు సరిగ్గా ఆన్లేదు సిస్టర్, నేనే తప్పినాను” అంది. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను, ఫైలు పట్టుకుని.

(విరామం)

ఆ రోజు చెప్పాల్సింది ఇవాళ చెప్తున్నాను. తప్పు ఆమెది కాదు సిస్టర్, నాది. తర్వాతి వాక్యం నా కళ్ళ ముందే ఉంది, ముందుగా చదువుకోలేదు. అక్కా, ఊరుకోమని చెయ్యి ఊపబాక. ఇది చెప్పకుండా నీకు శాలువా కప్పలేను.

ఇవాళే ఎందుకు చెప్తున్నానంటే, సిస్టర్ గారు నాతో, “హజరాబీ ఉండగానే అంత పొరపాటు జరిగింది, ఆమె లేకుండా బట్టల పని మనవల్ల కాదు, కొత్తగా వచ్చిన కోట్ల పని వద్దని సోమవారం ఉత్తరం పంపు” అన్నారు. వద్దంటే మళ్ళీ బల్లగుడ్డలే. వాటికి ఏడాదిలో మూడు నెలలకి మించి పని లేదు. మిగతా నెలలు ఈ చాపల మీద ఉన్నవాళ్ళలో సగం మంది రొయ్యల షెడ్లలో ఐసులో చేతులు పెట్టి తలలు వలుస్తారు. ఆ వేళ్ళు మళ్ళీ సన్న సూదికి వంగడానికి ఎన్నాళ్ళు పడుతుందో వాళ్ళనే అడగండి.

నిరుటి నుంచి ఏ కాగితమైనా, సూదులన్నీ ఒళ్ళో ఉండగానే, ముందు చివరిదాకా చదువుతున్నాను. తర్వాత తెలుగులో తిరగరాస్తున్నాను: వరసకో గీత, గీతకి ఒక పక్క చంక, ఇంకో పక్క మెడ. కొత్త కోటు కాగితంలో కుడి ముక్క గురించి, 'ఎడమ ముక్కలాగే, తిరగేసి అల్లండి' అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ వాక్యం విప్పడానికి నాకు నాలుగు పేజీలు పట్టింది. (నవ్వులు)

పోయిన నెల అక్క చిల్లకూరులో కూతురు సాహిరా ఇంట్లో ఉన్న పది రోజుల్లో, అంకాలమ్మక్క నా పేజీలు కూడబలుక్కుని చదివి రెండు ముక్కలూ అల్లింది. నేను నోరు కూడా మెదపలేదు. అక్క తిరిగొచ్చి, భుజాలు కలిపి చూసి, “ఎవురు మే అల్లింది?” అని మాత్రం అడిగింది. ఆమె నోట అంతకు మించిన మెచ్చుకోలు ఎవరూ వినలేదు.

అక్కా, రేపటి నుంచి నువ్వు మా మధ్య ఉండవు. నువ్వు నేర్పిన పని ఉంటుంది. నిన్ను మాకు ఇన్నేళ్ళు వదిలిన మీ ఇంటివాళ్ళకి, ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు.

ఒక్క మాట మిగిలింది. సిస్టర్, సోమవారం దాకా ఎందుకని ఉత్తరం రాసి తెచ్చాను. పని ఒప్పుకుంటున్నామని రాశాను. పొరపాటు జరిగితే బాధ్యత నాదని కింద సంతకం పెట్టాను. పైన మీ సంతకానికి చోటు వదిలాను. అందుకోవడానికి క్రీస్తురాజు గారు ఎదురుగానే ఉన్నారు.

(విరామం)

సిస్టర్ గారు చెయ్యి చాచారు. ఉత్తరం ఇమ్మనో, ఇక కూర్చోమనో నాకు తెలియదు. నేను ఉత్తరమే ఇస్తున్నాను.

సెలవు.