పైలీ చేట్టన్ పేరు లేని నోటీసు

"ఏరు దాటాక తెప్ప తగలేసే రకం వీళ్లు" అంటూ పైలీ చేట్టన్ గులాబీరంగు కాగితాన్ని బల్లకేసి కొట్టాడు. బీరాన్ ఇక్క కొట్లో టీ గ్లాసులు గల్లుమన్నాయి. మా వైపు చేట్టన్ అన్నా, ఇక్క అన్నా అన్నయ్యే. ఆ కాగితం మా బడి వార్షికోత్సవం నోటీసు. బడికి సాయం చేసినవాళ్లకి ఇవాళ సాయంత్రం శాలువాలు కప్పుతారు. పందిరి వేసినవాడి పేరుంది, బావి పూడిక తీసినవాడి పేరుంది. పైలీ పేరు లేదు.

"నేను చేసింది చిన్న పనా? సుహ్రా టీచర్ వచ్చి ఏడ్చినంత పని చేసింది. బడి లాప్‌టాప్‌లో టైపు చేస్తుంటే అరచెయ్యి టచ్‌ప్యాడ్‌కి తగిలి, రాసిన వాక్యాలు మాయమవుతున్నాయట. అది ఊరికే వచ్చే లినక్స్, అందరిదీ, ఒప్పుకుంటాను. దాని గుట్టు తెలిసినవాడు ఈ తాలూకాలో ఎవడున్నాడు? మౌసు తగిలించి, నల్ల తెర తెరిచి, ఒక్క కమాండ్ కొట్టాను. టచ్‌ప్యాడ్ చచ్చూరుకుంది."

"ఒక్కటేనా?" అన్నాడు ఇక్క, నూనెలోంచి పళంపొరి, అదే అరటిపండు బజ్జీ, తీస్తూ.

"ఒక్కటే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎంటర్ మీట కాస్త గట్టిగా కొట్టాను, అసలే మంట మీదున్నాను కదా, ఆ దెబ్బ తీగలంట పాకి పక్క గదిలో ముప్ఫై లాప్‌టాప్‌ల టచ్‌ప్యాడ్లూ పడిపోయాయి. అక్కడితో ఆగిందా? హెడ్మాస్టరు ఫోను గీకుతున్నాడు, గీకుతున్నాడు, తెర కదలదే. పంచాయతీ ఆఫీసులో వేలిముద్ర యంత్రం ఎవరి వేలూ పట్టించుకోలేదు, గుమాస్తాలంతా ఇళ్లకెళ్లి పడుకున్నారు. ఆఖరికి బడి మైదానంలో అత్తిపత్తి మొక్కలు లేవూ, ముట్టుకుంటే ముడుచుకునేవి? పిల్లలు తొక్కినా ముడుచుకోలేదు. మూడు రోజులు."

"మరి నాలుగో రోజు?" ఆటో దివాకరన్ అడిగాడు.

"నాలుగో రోజు నేనే జాలిపడి వదిలేశాను. అలాంటివాడికి శాలువా లేదట, థూ."

మేం పడీపడీ నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. పొద్దున్నే ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చాడని అప్పుడు చూశాను. కోతలు కోతలే గానీ, ఆ కోపం మాత్రం నిజం.

సాయంత్రానికి టీ పురమాయించడానికి వచ్చిన సుహ్రా టీచర్ ఎప్పట్నుంచి వింటోందో, గుమ్మంలో నిలబడి ఉంది.

"చేట్టా, మీ పేరు పెట్టాను. ఆఖరి వరుస మీదే."

"మరేదీ?" అంటూ ఆయన కాగితం ఆమె ముఖం ముందు ఊపాడు.

"మీరొచ్చి వెళ్లాక లాప్‌టాప్ ఆపకుండానే నోటీసు టైపు చేస్తుంటే కరెంటు పోయింది. ఆ లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఏడాదైంది, ఠక్కున ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి పని ముగిస్తుంటే మీరు చంపిన టచ్‌ప్యాడ్ లేచి కూర్చుంది. అరచెయ్యి తగిలి ఆ వరుస కాస్తా కొట్టుకుపోయింది. అచ్చయి వచ్చాక గానీ చూసుకోలేదు." తర్వాత నెమ్మదిగా అడిగింది. "లాప్‌టాప్ ఒకసారి ఆపేస్తే మీ కమాండ్ పోతుందని మీకు తెలుసా?"

పైలీ చేట్టన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"తెలుసు" అన్నాడు. "లేచినప్పుడల్లా నన్నే పిలుస్తారనుకున్నాను."

"సెట్టింగ్స్‌లో దానికో మీట ఉంది. ఇవాళ పొద్దున నేనే చూసి ఆపేశాను. ఇక లేవదు." టీచర్ కాస్త మెత్తబడింది. "శాలువా ఒకటి ఎక్కువే కొన్నాం. రండి, పేరు మైకులో చదువుతాం."

ఆయన తలెత్తకుండానే పంచె సర్దుకుని లేచాడు.

"వెళ్లు వెళ్లు" అన్నాడు బీరాన్ ఇక్క, ఆయన ముందున్న టీ గ్లాసు తీస్తూ. "నీ పేరు చదివేదాకా ఆ మైకు మాత్రం ముట్టుకోకు."