కోదండరామ్ గారు వేసిన టెండరు

"ఎక్కువ చెప్పను చెల్లెమ్మా, ఉన్నదే చెబుతా. ఓడ వాళ్ల టూరు తీసుకోకుండా మనంతట మనం ఒడ్డుకు దిగి ఊరు చూసి రావడం బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే కాస్త తెలివుండాలి."

కోదండరామ్ గారు వరండాలో ఇలా మొదలుపెట్టారంటే కెనడాలోని ఏజాక్స్‌లో ఆ వీధి వాళ్లు రెండో కప్పు టీకి కూడా సిద్ధపడేవారు. తెనాలి వైపు పాతికేళ్లు కాలవ కాంట్రాక్టులు చేసిన మనిషి. ఇక్కడికొచ్చాక తవ్వడానికి కాలవలు లేక కోతలు కోస్తున్నారని ఆయన భార్య కనకదుర్గ అభిప్రాయం.

పక్కింటి హైమావతి మాత్రం మొదటి కప్పే ముట్టలేదు. గురువారం భర్తతో ఓడ ప్రయాణం. ఓడ స్టాక్‌హోమ్ దగ్గర ఎనిమిది గంటలు ఆగుతుంది. అక్కడ సూర్యకుమారి ఉంది. గుంటూరు హాస్టల్లో ఒకే మంచం మీద పడుకుని చదువుకున్న స్నేహితురాలు. చూసి ఇరవై ఎనిమిదేళ్లయింది. "సెలవు పెట్టనా, వద్దా? ఇవాళే చెప్పాలే" అని పొద్దున్నుంచి మూడు మెసేజ్‌లు పెట్టింది. చెబుదామంటే, ప్రోగ్రామ్ కాగితంలో ఆ ఊరి పేరు పక్కన 'టెండర్ పోర్ట్' అని ఉంది. అదేమిటో హైమావతికి తెలీదు, భర్త రాఘవులుకీ తెలీదు. గూగుల్‌ని అడిగితే పోయేది. "వెళ్లొచ్చిన మనిషిని పక్కింట్లో పెట్టుకుని ఫోన్‌ని అడగడమేంటి?" అన్నాడు రాఘవులు.

"టెండర్ పోర్టంటే ఏంటన్నయ్యగారూ?"

"అలా అడుగు! టెండరంటే టెండరేనమ్మా. ఆ ఊళ్లో దిగాలంటే టెండరు వేయాలి. నిరుడు మేం వెళ్లినప్పుడు ఓడలో పన్నెండొందల మంది, ఒక్కడికీ టెండరు వేయడం రాదు, అందరూ రెయిలింగు పట్టుకుని ఊరి వంక బిక్కమొహాలేసుకుని చూస్తున్నారు. నేను క్యాబిన్లోకెళ్లి తెల్లకాగితం మీద కొటేషన్ రాసి, కవర్లో పెట్టి, సీలెయ్యడానికి లక్క లేకపోతే పొద్దున టిఫిన్లో ఇచ్చిన జామ్‌తో అంటించి కెప్టెన్ చేతిలో పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వచ్చిందా బావగారూ?" రాఘవులు ముందుకు జరిగాడు.

"రాక చస్తుందా, వేసింది నేనొక్కణ్ణే! కానీ వచ్చాకే తెలిసింది, పన్నెండొందల మందినీ ఒడ్డుకు చేర్చే పని కూడా అందులోనే ఉందని. చుట్టూ సముద్రం. జంకానా? ఓడ వంటింట్లోంచి నాలుగొందల మైదా బస్తాలు తెప్పించా. కాలవకి గండి పడితే మనం ఇసక బస్తాలు వేయమూ, అలాగే వరసగా వేయించా. తడిసిన మైదా, పైగా ఆ చలి! సిమెంటు దాని ముందు దిగదుడుపే. అరగంటలో కట్ట లేచింది. దాని మీద అందరూ నడిచారు, ఒక ముసలావిడ వాకర్‌తో సహా."

కట్ట సంగతి హైమావతి చెవికెక్కలేదు. "మరి టెండరు రాకపోతే?" అంది.

"రాకపోతే దిగడం లేదు. ఓడలో కూర్చుని కాఫీ తాగడమే."

హైమావతి ఫోన్ తీసి 'రాలేనేమో సూర్యా' అని కొట్టింది. పంపడానికి మనసొప్పక, వేలు దాని మీదే ఉంచుకుని కూర్చుంది.

వరండా మెట్ల మీద బస్సు టైము కోసం కూర్చున్న కావ్యశ్రీ వెనక్కి తిరిగింది. ఆ ఏడాది ఆ వీధిలో బేస్‌మెంటు బేస్‌మెంటుకీ నలుగురేసి స్టూడెంట్లు. కోదండరామ్ గారి బేస్‌మెంట్లో ఉండే నలుగురిలో ఈ అమ్మాయొకతె. వరంగల్ పిల్ల, ఒషావాలో టూరిజం కోర్సు చదువుతోంది.

"తిరిగొచ్చేటప్పుడు లేటైతే షిప్పు వెళ్లిపోదా అంకుల్?"

"నన్నొదిలేసా? లంగరు గొలుసు లాక్కెళ్లి ఊళ్లో దీపస్తంభానికి కట్టేసి మరీ వెళ్లా. అదలా ఉంచు, చీకటి పడితే కట్ట కనపడదు కదా? సూర్యుడికి వేలు చూపించి చెప్పా, 'నేను ఓడెక్కేదాకా కదిలావో జాగ్రత్త!' అని. భయపడిపోయాడు పాపం. రాత్రి పదైనా అక్కడే నిలబడ్డాడు. ఎక్కే హడావిడిలో 'ఇక పోరా' అని చెప్పడం మర్చిపోయా. అందుకే ఎండాకాలం అక్కడ ఇప్పటికీ ఓ పట్టాన పొద్దు గుంకదు, కావాలంటే కనుక్కో!"

కావ్యశ్రీ పకపకా నవ్వింది. "అంకుల్, మీరు అస్సలు ఏమనుకోవద్దు. టెండర్ అంటే చిన్న పడవ. షిప్పు ఒడ్డుదాకా పోలేని చోట మనల్ని దింపి, మళ్లా తీసుకొస్తది. పొద్దున నంబర్ చీటీ ఇస్తరు, అంతే. ఆఖరి పడవ ఎన్నింటికో చూసుకొని, షిప్పు టైముకే వాచీ పెట్టుకుంటే చాలు ఆంటీ."

"కవరూ అదీ అక్కర్లేదా?"

"ఏమక్కర్లేదాంటీ."

వరండా అంతా కోదండరామ్ గారి వంక తిరిగింది. ఆయన ఖాళీ కప్పు ఎత్తి గుటక వేశారు.

కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కనకదుర్గ అప్పుడు నోరు విప్పింది. "ఆ చీటీ మాకూ ఇచ్చారు వదినా. పదహారో నంబరు. కింద పడవ ఊగుతుంటే చూసి, ఈయన 'మన టెండరు రిజెక్టయిందే' అని వెనక్కి లాక్కొచ్చి దుప్పటి కప్పుకున్నారు. ఊరు ఎదురుగానే ఉంది. నేను మంచి చీర కట్టుకుని రోజంతా కిటికీలోంచి చూశాను."

ఆ మాటకి ఎవరికీ నవ్వు రాలేదు.

హైమావతి కొట్టిన మెసేజ్ చెరిపేసి, ఏకంగా ఫోనే చేసింది. "సూర్యా, సెలవు పెట్టవే! పదకొండింటికల్లా నీ దగ్గరుంటా!" అవతల సూర్యకుమారి వేసిన కేక వరండా అంతా వినపడింది.

కోదండరామ్ గారు గొంతు సవరించుకున్నారు. "ఏదైతేనేం, దారి చూపించానా లేదా? వచ్చే ఏడు మళ్లీ వెళ్తాం. ఈసారి నా టెండరు ఎలా రాదో చూస్తా."

"మీరు వేస్తూ ఉండండి," అంది కనకదుర్గ ఆయన కప్పులో టీ పోస్తూ. "నేను దిగిపోతా."