వెస్టిండీస్ కుప్ప

1948 జూలై 22, మధ్యాహ్నం. న్యూఫౌండ్‌లాండ్ దీవి, స్ప్లిట్ కోవ్ రేవు. చేపలు ఎండేసే మంచె మీద సెలీనా, ఆమె చుట్టూ ఇరవై మంది ఆడవాళ్ళు. కింద నిలబడి మాట్లాడుతున్నవాడు ఆమె మరిది ఓబద్యా. షావుకారు లిడ్‌స్టన్ దగ్గర చేపల రకం తేల్చి కుప్పలుగా వేసేది అతనే.

“అందుకే అడుగుతున్నా వదినా. నువ్వు ఎటంటే వీళ్ళంతా అటు.”

“నేనేమీ అనలేదే.”

“అదే కదా నా భయం. జూన్‌లో ఓటు వేసినప్పుడూ నువ్వేమీ అనలేదు. సగం రేవు అటు పోయింది, సగం ఇటు పోయింది. ఏదీ తేలక మళ్ళీ ఇవాళ వెయ్యాల్సొచ్చింది.”

“కాస్త పక్కకి జరుగు ఓబద్యా. నీ నీడ చేప మీద పడుతోంది.”

“జరిగాను. చూడు, పద్నాలుగేళ్ళ కింద మన దేశాన్ని లండన్ వాళ్ళ చేతిలో పెట్టేశాం. ఇవాళ అడిగితే మళ్ళీ మన చేతికొస్తుంది. మన పార్లమెంటు, మన జెండా. లేదంటే కెనడాలో కలిసిపోతాం. ఇక పేరు కూడా మిగలదు.”

“ఇది నీ మాటా, మీ షావుకారు మాటా?”

“మాట మాటే. ఎవరిదైతే ఏం?”

“నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చావు. అది ఆయన మాట మొయ్యడానికొచ్చినప్పుడే వేస్తావు.”

“సెలీనక్కా, ఆ చొక్కా ఆయన పాతదే. కాలరు చూడు, మెడకి రెండు వేళ్ళు ఎక్కువుంది.”

“ద్రుసిల్లా, నువ్వు నీ వరస చేపలు తిరగెయ్యవమ్మా. మేం ఏదో ఇంటి సంగతి మాట్లాడుకుంటున్నాం.”

“ఇంటి సంగతైతే మంచె కింద నిలబడి అరుస్తావేం ఓబద్యన్నా? మాకేం చెవుల్లేవా?”

“ఊరుకో ద్రుసిల్లా. చెప్పనీ. చెప్పు ఓబద్యా. కెనడాలో కలిస్తే మీ షావుకారికి ఏం పోతుంది?”

“ఆయనకి కాదు, మనకి. సుంకం లేకుండా వాళ్ళ సరుకు వచ్చి పడుతుంది. మన కొట్లు మూతపడతాయి.”

“మన కొట్లా? ఈ రేవులో ఉన్నది ఒక్కటే కొట్టు.”

“అది మూసేస్తే పిండి ఎవరిస్తారు? టీ ఆకు ఎవరిస్తారు? వలలకి తాడు?”

“కెనడా వాళ్ళు పిల్లకింత అని నెలనెలా తల్లి చేతికే డబ్బు ఇస్తారట కదా. నాకు ఐదుగురు.”

“ద్రుసిల్లా, నీకు దండం పెడతాను.”

“పెట్టు. నేనేం వద్దన్నానా?”

“వదినా, ఒక్క మాట. ఎఫ్రాయిము నీకు తమ్ముడు. పందొమ్మిదేళ్ళవాడు, మొదటి యుద్ధంలో, ఫ్రాన్స్‌లో, జూలై ఒకటో తారీకున పోయాడు. వాడి టోపీ మీద మన పటాలం గుర్తు, దుప్పి బొమ్మ ఉండేది. కెనడా ఆకు కాదు. వాడు ఏ దేశం కోసం...”

“వాడి పేరు నీ నోట రానివ్వకు.”

“తప్పుగా ఏమన్నాను?”

“తప్పని కాదు. వద్దన్నాను.”

“సరే. అన్న మాటేం? అజర్యా అన్న కెనడా పేరెత్తితే ఎలా మండిపడేవాడో నీకు తెలీదా?”

“తెలుసు.”

“మరి?”

“నీకు గుర్తుందో లేదోనని చూస్తున్నా. నీకు అన్న ఉండేవాడని.”

“అదేం మాట వదినా.”

“ఇటురా. మంచె ఎక్కు.”

“నాకు ఇంకా నాలుగు ఇళ్ళు తిరగాలి.”

“ఎక్కమన్నాను. ఇది పట్టుకో.”

“ఇది... చేప.”

“చేపే. నువ్వు రకం సరిగ్గా తేలుస్తానని ప్రమాణం చేసి కూర్చున్నవాడివి. నీ చేతిలోంచి చేప ఏ కుప్పలో పడితే అదే దాని రకం, ఇంకెవరూ నోరెత్తకూడదు. పాతికేళ్ళుగా ఆడవాళ్ళం చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాం. ఇవాళ నోరు విప్పి చెప్పు. ఇది ఏ రకం?”

“ఇంకా రెండు ఎండలు పడాలి.”

“పడ్డాయనుకో.”

“మేలు రకం. స్పెయిన్‌కి పోయేది.”

“ఎలా తెలిసింది?”

“వీపు గట్టిగా ఉంది. ఉప్పు పల్చగా, ఒక్క తీరుగా పూసింది. ఎండకి మాడలేదు. ఈగ వాలలేదు. నువ్వు ఎండేసిన చేపకి వంక పెట్టేవాడెవడు వదినా?”

“నువ్వే పెట్టావు. పదేళ్ళ కింద, సెప్టెంబరులో. మీ అన్న వేసవంతా పట్టిన చేప, నేనూ నా కూతుళ్ళూ ఎండేసిన చేప. ఎక్కడ పడేశావు?”

“అంత పాత సంగతి...”

“ఎక్కడ?”

“కొంచెం చెమ్మగా ఉందని...”

“ఆ ఏడు సెప్టెంబరులో చినుకు పడలేదు. ఎక్కడ పడేశావు ఓబద్యా?”

“వెస్టిండీస్ కుప్పలో.”

“చెడిపోయిన చేపని కారుచవకగా ఆ దీవులకి పంపే కుప్ప. మొత్తం. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పై కుప్పలో వెయ్యలేదు. నేను నీ చెయ్యి చూస్తూ నిలబడ్డాను. నువ్వు నా మొహం చూడలేదు. చేపకి బదులుగా చలికాలానికి ఇవ్వాల్సిన పిండిలో సగమే ఇచ్చాడు మీ షావుకారు. మిగతా సగం కోసం మీ అన్న అక్టోబరు ఆఖరున మళ్ళీ నడిసముద్రంలో చేపలు పడే బయటి మిట్టలకి పోయాడు. ఆ నెలలో ఎవరన్నా పోతారా అక్కడికి?”

“పోరు.”

“ఏం దొరికింది?”

“వదినా...”

“పడవ పలక ఒకటి దొరికింది. దాన్నే పూడ్చాం. గొయ్యి నువ్వే తవ్వావు, అది కూడా గుర్తుంది నాకు. బాగా తవ్వావు.”

“నేనే తవ్వకపోతే ఇంకెవరు తవ్వుతారు?”

“కాబట్టి విను. లిడ్‌స్టన్ కొట్టుకి తాళం పడాలి. ఆ గిడ్డంగి కప్పు మీద గడ్డి మొలవాలి. ఆ ముసలాడు కిటికీలోంచి చూస్తుండగా పరాయి జెండా ఎగరాలి. అది చూశాకే నేను పోతాను. దానికి దేశం పోవాలంటే దేశమూ పోనీ.”

“ఒక్కడి మీద కసికి దేశాన్నే ముంచుతావా?”

“ఒక్క మనిషిని ముంచడానికి వాడు మా పొయ్యిలో పిల్లి పడుకునేలా చెయ్యలేదా?”

“నీకు ఎలా చెప్పాలో తెలీట్లేదు. సాయంత్రం ఓట్ల పెట్టె మూసేలోపు నేను మంచి కబురు మోసుకెళ్ళకపోతే నన్ను తీసేస్తానన్నాడు. ఆ కొట్టు కాక నాకు వేరే పని రాదు. పడవెక్కి పాతికేళ్ళయింది.”

“నీ నలుగురు పిల్లల్నీ కాన్పు చేసి ఈ చేతులతోనే లాగాను ఓబద్యా. వాళ్ళ కడుపు మీద నాకు పగ లేదు.”

“మరైతే ఏం చెయ్యమంటావు? చెప్పు, చేస్తాను. మోకాళ్ళ మీద పడమంటే పడతాను.”

“మోకాళ్ళు నాకెందుకు? ఆ రోజు చేప ఎలా ఉందో చెప్పు.”

“చెప్పాను కదా, చెమ్మ...”

“నీ చేతిలో ఉన్నదాన్ని చూసి చెప్పు.”

“...ఇలాగే ఉంది.”

“ఇలాగే అంటే?”

“మేలు రకం. అంతా మేలు రకమే.”

“గట్టిగా చెప్పు. చివర ఉన్నవాళ్ళకి గాలికి వినపడట్లేదు.”

“వాళ్ళకెందుకు? ఇది నీకూ నాకూ మధ్య సంగతి.”

“కుప్పలో వేసింది అందరి ముందు కాదా? తీసేటప్పుడు కూడా అందరి ముందే తియ్యి. అది నువ్వు చేస్తే నా ఓటు మన దేశానికే. ఎఫ్రాయిము మీద ఒట్టు.”

“ఒట్టేనా?”

“వాడి పేరు నేను ఊరికే ఎత్తను.”

“సరే... అమ్మా, వినండి. మా అన్న అజర్యా చేప మేలు రకం. నేను వెస్టిండీస్ కుప్పలో వేశాను. తెలిసే వేశాను.”

“ఎందుకని?”

“వదినా, చెప్పేశాను కదా.”

“చేతికి బుద్ధి పుట్టి దానంతటది పడేసిందా? ఎందుకని?”

“ఆ వేసవిలో అన్న బడిలో మీటింగు పెట్టాడు. చేపలకి ధర మనమే అడగాలి, అందరం ఒక్కటి కావాలి అని. ముసలాయన నన్ను లోపలికి పిలిచాడు. ఈ ఏడు అజర్యాకి మేలు రకం ఉండకూడదు అన్నాడు. అంతే అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. మా మూడోవాడు అప్పుడే పుట్టాడు.”

“నువ్వేమన్నావు?”

“సరే సార్ అన్నాను.”

“ఓబద్యన్నా.”

“ఏంటి ద్రుసిల్లా?”

“ఆ మీటింగుకి మా ఆయన కూడా వెళ్ళాడు.”

“వెళ్ళుంటాడు. చాలామంది వెళ్ళారు.”

“ఆ మరుసటేడు మా చేప కూడా అదే కుప్పలో పడింది. నాకు ఎండెయ్యడం చేతకాదని మా అత్త నన్ను ఏడాదంతా సాధించింది. మా ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు.”

“అది నిజంగానే కొంచెం...”

“చెమ్మగా ఉందా?”

“ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా?”

“మాదేనా, ఇంకెవరివన్నా ఉన్నాయా? ఆ చివర మార్త నిన్నే చూస్తోంది. వాళ్ళదీనా?”

“నేను ఒక్కదానికే ఒప్పుకున్నాను. వదినా, నువ్వన్నా చెప్పు.”

“ద్రుసిల్లా, ముందు నీ వరస పూర్తి చెయ్యి.”

“అదిగో, పెద్దమనిషి మాటంటే అదీ. వదినా, నీ మాట నువ్వు నిలబెట్టుకుంటావుగా?”

“నిలబెట్టుకుంటాను.”

“బతికించావు. పద మరి, చెప్పులేసుకో. గాలి బాగుంది, పడవలో పావుగంటలో బడి దగ్గర దింపుతాను. ముసలాయన కొట్టు గుమ్మంలో కూర్చుని చూస్తుంటాడు. నువ్వు నా పడవలోంచి దిగడం చూశాడంటే...”

“నేనెందుకు రావడం?”

“ఓటుకి.”

“పొద్దున్నే వేశాను.”

“ఎప్పుడు?”

“నిన్న రాత్రంతా బడి అవతల పొడుగు మిట్ట మీద ఒకళ్ళింట్లో కాన్పు. మగపిల్లాడు. తెల్లారి వస్తుంటే బడి తలుపు తీస్తున్నారు. మొదటి కాగితం నాదే.”

“ఎటు... ఎటు వేశావు?”

“మన దేశానికే. పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కెనడా గడి వైపు నా చెయ్యి పోలేదు.”

“అంటే నీ ఓటు పొద్దుటే మనకి పడిపోయిందా? నేను రాకముందే? నేను ఇదంతా ఒప్పుకోకపోయినా...”

“పడిపోయింది.”

“మరి నాతో ఎందుకు చెప్పించావు వదినా? ఇంతమంది ముందు నా పరువు తీసి నీకేం వచ్చింది?”

“ద్రుసిల్లా, తిరగెయ్యడం అయిందా?”

“అయింది అక్కా. అందరం టోపీలు పెట్టుకుంటున్నాం. మార్త ఓటుకి రాను రాను అంటూనే ఉంది పొద్దుట్నించి, ఇప్పుడు అందరికంటే ముందు దిగింది.”

“వెళ్ళి రండి. చేప నేను చూసుకుంటాను. ఓబద్యా, వాళ్ళకి దారివ్వు. వీళ్ళల్లో ఒక్కరు కూడా ఇంకా ఓటు వెయ్యలేదు.”