టికెట్టమ్మ పాటల పెట్టె

వచ్చావా, రా తల్లీ. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు పొట్టి, ఇటు కూర్చో. విన్నానమ్మా, సోమవారం నువ్వు ఇచ్చి వెళ్లిన దగ్గర్నుంచి అదే పని. ఏడు డిస్కులు, నూట ముప్పై పాటలు, పైగా ఇటుకంత పుస్తకం. అది పాటల పెట్టెనా, బట్టల పెట్టెనా? మా చెల్లెలు ఫోన్ చేసింది, "అన్నయ్యా, మా మనవరాలికి పత్రికలో రాయాలట, నీ టికెట్టమ్మ గురించి కాస్త పొట్టిగా చెప్పు" అని. పొట్టిగా చెప్పడం నాకెప్పుడు చేతనైంది? ముందు పెట్టె సంగతి చెప్తా, రాసుకో. మొదటి రెండు డిస్కులూ బంగారం. మూడోది సగం బంగారం. నాలుగు, ఐదు, ఆరు... వాటి దగ్గరికి తర్వాత వద్దాం. ఏడోది మిగిలిపోయిన ముక్కలు. ఒకే పాట ఐదుసార్లు వేశారు, ఎవరికి కావాలవి? వంటింట్లో తరిగిన తొక్కలు కూడా కంచంలో వడ్డించినట్టు.

ఇంకో మాట. మొదటి డిస్కుని మరీ కడిగేశారు. మా స్టూడియో ఎక్కడుండేదనుకున్నావు? ప్రింటింగ్ ప్రెస్సు పైన. ఒకటే గది, గోడలకి కోడిగుడ్ల అట్టలు కొట్టి, కిటికీకి పాత దుప్పట్లు కట్టాం. కింద మెషీన్ తిరుగుతుంటే పైన గ్లాసులో నీళ్లు వణికేవి. ప్రెస్సువాళ్లు భోజనానికి లేచే ఒంటిగంట నుంచి రెండు దాకా మాకు రికార్డింగ్. రెండు కాగానే కింద నుంచి ఫోర్‌మన్ కేక, "ఏమయ్యోయ్, నీ సంగీతం అయిందా, నా క్యాలెండర్లు వేసుకోవచ్చా?" అని. ఒకసారి ఆవిడ పాట ఆఖరి చరణంలో ఉండగా స్విచ్ వేసేశాడు. ఆ గరగర పాట కింద సన్నగా వినిపించేది, బస్సు ఇంజనులాగా. ఎంత కుదిరిందో! ఉంచేశాం. ఇప్పుడు కంప్యూటర్లో పెట్టి అది తీసేశారు. ఎవరో బుద్ధిమంతుడు. రాయి, అది తప్పు అని రాయి.

ఆవిడ ఎవరని అడుగుతున్నావా? అరే, పుస్తకంలో ఉందిగా. సరే, పుస్తకంలో "శ్రామిక వర్గపు గళం" అని ఏదో రాశారు. బస్సు కండక్టరమ్మా, అంతే. ఇరవై నాలుగేళ్ల పిల్ల, భుజాన టికెట్ల సంచి. స్టాపుల పేర్లు అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. అందుకే ఆ పేరు, టికెట్టమ్మ. పాటలన్నీ టికెట్ల వెనక రాసేది, ఒక్కో టికెట్టుకి రెండు లైన్లు. పాడేముందు పేకముక్కల్లా బల్ల మీద పరుచుకునేది. సెకండ్‌హ్యాండ్ గిటారు ఒకటుండేది, దానికి తీగ బిగించే మర ఒకటి విరిగిపోతే కటింగ్ ప్లేయరు పెట్టి తిప్పి శ్రుతి చేసేది. "లోపలికి జరగండి, లోపల చాలా చోటుంది" అని రోజంతా జనాన్ని తోస్తుంది కదా, దాన్నే పాట చేసింది. మొదటిసారి పాడినప్పుడు నేను హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టా. ఎందుకో తెలుసా? వట్టి చెవుల్తో వినాలనిపించింది. బస్సులో జనాన్ని జరగమనడం కాదది, ఇల్లు లేనివాడినెవడినో ఇంట్లోకి పిలుస్తున్నట్టుంది.

నన్ను "ఇంజనీరు గారూ" అనేది, వేళాకోళానికి. నేనేం ఇంజనీర్ని, రేడియోలు రిపేరు చేసుకునేవాణ్ణి, స్టూడియో ఓనరు తెచ్చి టేపు మెషీన్ ముందు కూర్చోబెట్టాడు. కానీ ప్రతి పాట కాగానే మైకులో అడిగేది, "ఎలా ఉంది ఇంజనీరు గారూ? నిజం చెప్పండి" అని. నేను చెప్పేవాణ్ణి. "రెండో చరణంలో తొందరపడ్డారు." "ఆ మాట మింగేశారు." ఒకసారి "ఈ పాట బాగాలేదండీ, తీసెయ్యండి" అన్నా. తీసేసింది! ఆ టికెట్లు అక్కడికక్కడే చింపి చెత్తబుట్టలో పడేసింది. ఓనరు చెప్పినా వినేది కాదు, వాళ్లన్న చెప్పినా వినేది కాదు. నా మాటకి మాత్రం అంత విలువ. ఎందుకంటే... ఏమో. నాకు తెచ్చిపెట్టుకున్న మర్యాద లేదు కాబట్టి అనుకుంటా. మా ఆవిడ కూడా అనేది, "మీకు నోట్లో మాట దాగదు" అని. ఆ మనిషి కూడా నన్ను సరిగ్గా అంచనా వేయలేదు చూడు.

ఎక్కడున్నాను? ఆఁ, నాలుగో డిస్కు. మొదటి మూడు రికార్డులూ బాగానే పోయాయి. అప్పుడు ఓనరుకి ఆశ పుట్టింది. ఊరవతల కొత్త స్టూడియో కట్టాడు, చెక్క నేల, అద్దం గది, కొత్త మెషీను. నన్ను పిలిచి, భుజం మీద చెయ్యేసి, "ఇక నువ్వే ఇక్కడ చీఫ్. నీ కింద ముగ్గురు" అన్నాడు. ఆ మాటకి నేను వారం రోజులు నేల మీద నడిచానంటే ఒట్టు. తర్వాత ఒక వయొలిన్ల మాస్టార్ని తెచ్చాడు. సిల్కు మఫ్లరు, చేతిలో పుల్ల. ఇరవై రెండు వయొలిన్లు! మాస్టారు ఆవిణ్ణి చూసి, "అమ్మాయీ, ఆ చెక్క డబ్బా పక్కన పెట్టు. నువ్వు నిలబడి పాడు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. చెక్క డబ్బా అంటే గిటారు. పెట్టేసింది పాపం. గిటారు లేకపోయేసరికి చేతులేం చెయ్యాలో తెలియలేదు. చివరికి ఎడమ గుప్పిట బిగించి ఇలా, ఇదిగో ఇలా గుండె దగ్గర పెట్టుకుంది, భుజాన లేని సంచి బెల్టు పట్టుకున్నట్టు.

ఏ పాట అనుకున్నావు? అదే, "లోపల చోటుంది". ఆ పాటనే నిదానం చేసి, వెనకాల కోరస్ పెట్టి, పంచదార పాకంలో ముంచి తీశారు. ఆవిడ గొంతుకి కూడా ఏవో మాత్రలిచ్చి నున్నగా చేశారు. పాట అయింది. వయొలిన్లు ఆగాయి. అద్దం అవతల నుంచి నా వైపు చూసి అడిగింది, "ఎలా ఉంది ఇంజనీరు గారూ? నిజం చెప్పండి" అని. నా వెనక ఓనరు నిలబడి ఉన్నాడు. నేను మాట్లాడాలంటే ఒక మీట నొక్కాలి. నొక్కా. వదిలేశా. మళ్లీ నొక్కి, "చాలా బాగుందండీ" అన్నా. ఆవిడ గుండె దగ్గరి గుప్పిట దించి, "అయితే సరే. మీరు బాగుందంటే బాగున్నట్టే" అంది.

నువ్వు విన్నావు కదూ. ఆ మాటలే ఏడో డిస్కు చివర్న ఉన్నాయి. అప్పుడు టేపు తిరుగుతూనే ఉందని నాకే గుర్తులేదు. ఆవిడ అడిగిన దగ్గర్నుంచి నేను జవాబు చెప్పేదాకా ఏడు సెకన్లు. వాచీ పెట్టి చూశా. పుస్తకంలో ఏం రాశారో చూడు, "గాయనికీ ఇంజనీరుకీ మధ్య ఒక ఆత్మీయ క్షణం" అట! చదివి నవ్వబోయాను, రాలేదు.

అమ్ముడుపోయిందమ్మా, మొదటి మూడూ కలిపినా అంత పోలేదు. ప్రతి హోటల్లోనూ, ప్రతి మంగలి షాపులోనూ అదే. దాంతో ఇక అలాంటివే చేయించారు, ఐదేళ్లు. అవే ఈ నాలుగు, ఐదు, ఆరు. ఆవిడ ఆ తర్వాత ఎప్పుడూ నన్ను ఎలా ఉందని అడగలేదు. వచ్చేది, పాడేది, "నమస్కారమండీ" అని వెళ్లిపోయేది. మెల్లగా జనానికి మొహం మొత్తింది. కంపెనీ ఇంకో అమ్మాయిని తెచ్చుకుంది. ఈవిడ మళ్లీ బస్సుల డిపోకే వెళ్లింది. కండక్టరు ఉద్యోగం ఖాళీ లేదని పోగొట్టుకున్న సామాన్ల కౌంటర్లో వేశారు.

అక్కడే చూశా ఆఖరిసారి. పన్నెండేళ్ల తర్వాత. గొడుగు పోయిందని వంక పెట్టుకుని వెళ్లా. నిజంగా ఏం పోలేదు, గొడుగు ఇంట్లోనే ఉంది. వెనక ర్యాకుల నిండా గొడుగులు, క్యారేజీలు, కళ్లజోళ్లు, ఒకచోట ఎవరివో కట్టుడు పళ్లు. నన్ను చూసి, "ఏ రంగు గొడుగండీ?" అంది, మొహంలో ఏమీ లేకుండా. నల్లది అన్నా. "నల్లవి నలభై ఉన్నాయి, ఎంచుకోండి" అని అప్పుడు నవ్వింది. కూర్చోబెట్టి టీ తెప్పించింది. కౌంటరు మీద రసీదుల పుస్తకం తిరగేసి ఉంది, వెనక ఏదో రాసుంది. "ఇంకా రాస్తున్నారా?" అన్నా. "వింటారా?" అంది. గిటారు లేదు, ఏం లేదు. బల్ల మీద వేళ్లతో తాళం వేసుకుంటూ, బయట బస్సులు హారన్లు కొడుతుంటే, పాడింది. ఎవరో మర్చిపోయి, మళ్లీ తీసుకెళ్లడానికి రాని చిన్నపిల్లల చెప్పుల జత మీద పాట. గొంతు మళ్లీ బొంగురుపోయింది. నూట ముప్పై పాటలు విన్నాను కదా ఈ వారం, ఒక్కటి కూడా దానికి సరిరాదు. ఆ పెట్టెలో అది లేదు. అలాంటివి పది పదిహేను ఉన్నాయంది. అవేవీ లేవు.

పాట అయింది. "చాలా బాగుందండీ" అన్నా. దేవుడి సాక్షిగా నిజం చెప్పా, ఆ రోజు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ మాట మీరు ఇదివరకు కూడా అన్నారు ఇంజనీరు గారూ" అంది. కోపంగా కాదమ్మా, మామూలుగానే అంది. నేను ఏదో అనబోయాను, ఓనరు వెనకాలే ఉన్నాడనీ, కొత్త ఉద్యోగమనీ. "తెలుసు లెండి, అద్దంలోంచి కనపడ్డాడు. నాకూ భయంగానే ఉంది ఆ రోజు. మీరొక్కరు వద్దంటే, గిటారు తీసుకుని బయటికి వచ్చేద్దామనుకున్నా. మీరు వద్దంటారనే అడిగా" అంది. అని, నా కప్పు తీసుకెళ్లి కడిగి పెట్టింది.

టేపు మీద పెడదాం, నా దగ్గర సొంత మెషీన్ ఉంది, ఆదివారం ఇంటికి రండి అన్నా. బతిమాలా. "ఎందుకండీ, మీరు ఎలాగూ బాగుందనే అంటారు" అని నవ్వేసింది. ఆ తర్వాత రెండో ఏడు ఊపిరితిత్తులకేదో వచ్చి చనిపోయింది. పేపర్లో నాలుగు లైన్లు వేశారు, అందులో మూడు ఆ వయొలిన్ల పాట గురించే. మళ్లీ వెళ్లి ఇంకోసారి అడగాల్సింది. రోజూ వెళ్లి ఆ కౌంటరు ముందు కూర్చోవాల్సింది. వెళ్లలేదు. సిగ్గుపడి వెళ్లలేదు.

ఏమిటి? ఏడో డిస్కులో ఆ ఇంజనీరు గొంతు నాదేనని రాయొచ్చా అంటావా? రాసుకో. పేరెందుకు, ఇంజనీరు అని రాయి చాలు. ఆ వయొలిన్ల పాట ఎలా ఉందో కూడా నన్నే చెప్పమంటావా? బాగాలేదు. బాగాలేదమ్మా. చూశావా, ఎంత తేలిగ్గా వచ్చేసిందో. ఒక్క సెకను పట్టలేదు...

మా చెల్లెలికి కంటి ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకున్నారు?