రాక్షసగుళ్ల దిబ్బ

పంతొమ్మిదివందల అరవై రెండులో సంగం పక్క పల్లెలోని రాక్షసగుళ్ల దిబ్బకు సర్కారు కంచె వేసి బోర్డు పెట్టింది. చనిపోయిన తల్లికి గుంట తవ్వుదామని పార పట్టుకొచ్చిన హెబ్రోనును కాపలాదారు ఆపాడు.

“ఈడ పార ఏస్తే జైలే, అబ్బయా.”

“మా నాయన్ని ఈడనే గదన్నా పూడ్చినాం?”

“అప్పుడు బోర్డు లేదు. ఇవి మూడువేల ఏండ్ల నాటి సమాధులంట. మొన్న మన పంచాయతీ ప్రెసిడెంటుగారే వచ్చి, చెప్పులిడిచి, టెంకాయ కొట్టిపోయినాడు.”

“ఊరి శ్మశానంలోకి మమ్మల్ని రానీకుండా అడ్డం పడేది ఆయనే గదా! ఈ సమాధుల్లో ఉండేవాళ్లది ఏం కులమన్నా?”

“సచ్చి అన్నేండ్లయినాక కులం ఎట్టా తెలుస్తాది?”

హెబ్రోను పార భుజానికెత్తుకున్నాడు.

“అయితే కులం తెలీకుండా పొయ్యేదాకా మాయమ్మని యాడ పెట్టుకోమంటావన్నా?”